పేరు పిలిస్తే పలికినవాడు

అరవైల మొదట్లో నేను బందరులో ఒక దినపత్రికకు విలేకరిని. అచ్చయిన వార్తను అంగుళాల్లో కొలిచి డబ్బు పంపేవారు. అది ఇంటద్దెకు సరిపోతే ఆ నెల గొప్పగా గడిచినట్టే. అందుకని మధ్యాహ్నాలు ఆదాయపు పన్ను వ్యవహారాలు చూసే ఒక ప్లీడరు గారి వరండాలో కూర్చుని, ఇంగ్లీషు రానివాళ్ళకు రిటర్నులు నింపిపెట్టేవాణ్ణి. వచ్చేవాళ్ళు ఎక్కువగా మిల్లుల వాళ్ళు, బట్టల కొట్ల వాళ్ళు. తెలివైనవాళ్ళు. వాళ్ళు చెప్పింది నేను రాసేవాణ్ణి, చెప్పనిది ప్లీడరు గారు కనుక్కునేవారు.

ఒక వేసవిలో ఆ వరండాకు కొత్తరకం మనుషులు వచ్చారు. గిలకలదిండి దగ్గర, కాలవ సముద్రంలో కలిసే మొగలో ఇసుక మేట వేస్తుంటే, దాన్ని తోడటానికి ఒక డ్రెడ్జరు పనిచేస్తుండేది. నీటి అడుగుకి గొలుసుతో బకెట్లు దించి ఇసుక పైకి లాగే ఓడ అది. తూర్పుగాలి వీచిన రోజున ఆ గొలుసు చప్పుడు ఊళ్ళోకి వినిపించేది. నేల కింద ఎవరో ఏదో బరువైనది ఈడ్చుకుపోతున్నట్టు ఉండేది. కొన్నాళ్ళకు అలవాటైపోయి, ఆగినప్పుడు మాత్రమే తెలిసేది.

వచ్చినవాళ్ళు ఆ ఓడ మీద పనివాళ్ళు. ఇరవై మంది ఉంటారు. ఎక్కువమంది కాకినాడ వైపు నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళకు జీతం రేవు వాళ్ళు ఇచ్చేవారు కాదు. రేవు వాళ్ళు మద్రాసులో ఉన్న ఒక కంపెనీకి ఇస్తారు, ఆ కంపెనీ వీళ్ళకు ఇస్తుంది. కంపెనీని చూసినవాడు ఆ ఇరవైమందిలో ఒక్కడూ లేడు. నెలకొకసారి ఒక జీతాల గుమాస్తా ఇనప్పెట్టెతో రైలు దిగి, గిలకలదిండిలో ఐసు కొట్టు పక్క రేకుల పాకలో కూర్చుని పేర్లు పిలిచేవాడు. పిలవగానే పలకాలి. పలకడం ఆలస్యమైతే పేరు దాటిపోతుంది, కవరు పెట్టెలోకి పోతుంది, ఇక వచ్చే నెలే. పలికినవాడు నడుముకు కట్టుకున్న ఇత్తడి బిళ్ళ చూపించి, కిందటి నెల సంతకం పక్కన మళ్ళీ సంతకం పెట్టాలి. రెండూ ఒకేలా ఉంటేనే కవరు చేతికొస్తుంది. మనిషి మొహం వంక గుమాస్తా చూసేవాడు కాదు. మద్రాసులో చూసేది సంతకాన్నే.

ఆ ఏడు అదనపు గంటల పనికి ఇచ్చింది, సముద్రపు భత్యం అన్నీ కలిపితే వాళ్ళ రాబడి పన్ను గీత దాటింది. కంపెనీ వాళ్ళు మనుషుల పేర్లూ సొంతూళ్ళ చిరునామాలూ జాబితా రాసి పన్ను ఆఫీసుకు పంపారు. ఇళ్ళకు నోటీసులు వెళ్ళాయి. పన్ను ఎందుకు ముందే పట్టుకోలేదని ప్లీడరు గారు ఉత్తరాలు రాస్తే, వాళ్ళు మా ఉద్యోగులు కారు అని రేవు వాళ్ళు జవాబిచ్చారు. మేం డబ్బు చేరవేసేవాళ్ళం మాత్రమే, మా ఉద్యోగులు కూడా కారు అని కంపెనీ రాసింది.

"అయితే మేం ఎవరి మనుషులమండీ?" అన్నాడు వాళ్ళలో పెద్దవాడు, ఇంజను చూసేవాడు.

"చట్టం ప్రకారం ఎవరి పన్ను వాళ్ళే లెక్క చెప్పుకోవాలి. అంటే మీకు మీరే యజమానులు" అన్నారు ప్లీడరు గారు.

"ఆ ముక్క కాయితం మీద రాసివ్వండి బాబూ. మా ఆవిడికి చూపిస్తాను."

అందరూ నవ్వారు. నేను ఒక్కొక్కరినీ పిలిచి కాగితాలు నింపడం మొదలుపెట్టాను.

చివరగా వచ్చినవాడి దగ్గర నోటీసు లేదు. "నాకు రాలేదండి. అందరికీ వచ్చిందన్నారు గదా, నాకూ వస్తాదని వచ్చేనండి" అన్నాడు. పేరు చెప్పాడు. తండ్రి పేరు అడిగితే మిగతావాళ్ళ వంక చూశాడు. ఇంజను పెద్దాయన అందించాడు. సొంతూరు అడిగితే, "కంపెనీలో రాసుంటాదండి" అన్నాడు. అప్పటిదాకా వేళాకోళాలాడుతున్న వాళ్ళంతా మాటలు ఆపి వీధి వంక చూస్తున్నారు. ఆ సంగతి నాకు తెలిసింది. తెలిసీ, బిడియస్తుడు కాబోలు అనుకుని వదిలేశాను. పత్రికలో పనిచేసేవాడు వదలకూడని చోటే వదిలేశాను.

రిటర్ను చివర ఒక ప్రకటన ఉంటుంది. ఫలానా వాడి కొడుకైన ఫలానా నేను, పైన రాసినదంతా నిజమని నమ్మి ప్రకటిస్తున్నాను అని దాని సారం. అందరికీ చదివి చెప్పినట్టే అతనికీ తెలుగులో చెప్పాను. అతను కలం పుచ్చుకుని కాసేపు కాగితం మీద చెయ్యి ఆనించి ఉంచాడు. తర్వాత ఒక్క ఊపులో సంతకం పెట్టేశాడు. తెలుగు సంతకం. చివరి అక్షరం కొమ్మును వెనక్కి లాగి, పేరంతటి కిందుగా పడవ అడుగులా ఒక గీత గీశాడు. రాసినట్టు లేదు, ముగ్గు వేసినట్టు ఉంది. అంత అందమైన సంతకం ఆ ఇరవైమందిలో ఇంకెవరిదీ కాదు.

అది శుక్రవారం. మంగళవారం మధ్యాహ్నం ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు.

ఒకావిడకు ముప్ఫై దాటి ఉంటాయి. తెల్ల నేత చీర, చేతికి గడియారం, చంకలో గొడుగు. రెండో ఆవిడ ఆమె అత్తగారు, ముసలామె. నాగాయలంక అవతలి ఊరి నుంచి తెల్లవారుజామున బయల్దేరి, చల్లపల్లిలో బస్సు మారి వచ్చారట. కోడలు ఆ ఊళ్ళో మిషను బడిలో టీచరు. చేతిలో ఖాకీ కవరు ఉంది. ఇలాంటి కవర్లు ఎక్కడ చూస్తారని బస్టాండులో అడిగితే ఎవరో మా వరండా చూపించారు.

కవరు తీసి పేరు చదివాను. నాలుగు రోజుల కిందట నేను నింపిన పేరే. తప్పిపోయిన నోటీసు దొరికిందన్న సంతోషంలో ఆలోచించకుండా నోరు జారాను.

"ఆయన మొన్న శుక్రవారం వచ్చారు కదమ్మా. ఇదే బల్ల మీద కూర్చున్నారు. రిటర్ను కూడా అయిపోయింది."

టీచరు గారు ఆ బల్ల మీదే కూర్చుని ఉన్నారు. లేచి నిలబడ్డారు. కూర్చున్న చోటును ఒకసారి చూసుకున్నారు.

"ఆయన నీళ్ళలో పడిపోయారండీ. ఆరేళ్ళయింది" అన్నారు.

ముసలామె మాత్రం కదల్లేదు. "చూశావా? నేను చెప్పలా? వాడు ఉన్నాడని చెప్పలా?" అంది. తర్వాత నా వైపు తిరిగి, "జీతం తీసుకుంటున్నాడా బాబూ? పన్ను కట్టేంత జీతం తీసుకుంటా నాకు ఒక్క దమ్మిడీ పంపలేదా? రానీ, వాడి సంగతి చెప్తా" అని కళ్ళు తుడుచుకుంది.

టీచరు గారు నెమ్మదిగా జరిగింది చెప్పారు. ఒక కార్తీక మాసంలో గాలివాన వచ్చి వెళ్ళాక, ఆయన డ్రెడ్జరు నుంచి ఇంటికి రాలేదు. ఈమె గిలకలదిండి వెళ్ళి అడిగితే అప్పటి మేస్త్రీ, నీళ్ళలో పడ్డాడంటారు కొందరు, పని మానేసి పోయాడంటారు కొందరు, శవం దొరకందే పోయాడని ఎట్లా రాస్తాం అన్నాడు. తర్వాత ఆ మేస్త్రీ వేరే రేవుకు వెళ్ళిపోయాడు. ఈమె మద్రాసు కంపెనీ చిరునామాకు భర్త పేరనే ఉత్తరం రాసింది. జవాబు లేదు. మళ్ళీ రాసింది. ఆరేళ్ళుగా రెండు మూడు నెలలకొకటి రాస్తూనే ఉంది.

"మనిషి లేకపోతే ఉత్తరం తిరిగి రావాలి కదండీ" అన్నారు. "పోస్టులో ఆ పద్ధతి ఉంది. బడి పిల్లలకు నేనే చెప్తాను. ఒక్కటీ తిరిగి రాలేదు. అంటే ఎవరో తీసుకుంటున్నారు."

వాళ్ళది క్రైస్తవ కుటుంబం. ఈస్టరు రోజు వేకువన ఊరివాళ్ళంతా సమాధుల దొడ్డికి వెళ్ళి, ఎవరి మనిషి దగ్గర వాళ్ళు కొవ్వొత్తి వెలిగిస్తారు. పాస్టరు గారు పోయినవాళ్ళ పేర్లు వరసగా చదువుతారు. భర్త పేరు చదవనివ్వలేదు ఈమె. ఒకసారి చదివించాక ఇక ఎదురుచూడటానికి ఉండదు. చదవనివ్వకపోతే కొవ్వొత్తి పెట్టడానికి చోటు ఉండదు. ఆరు ఈస్టర్లు గోడ బయట నిలబడిందట.

"నాకు ఒక్కటే కావాలండీ. ఉన్నారా, లేరా? ఉండి రాకపోతే రాకపోనివ్వండి. అది తెలిస్తే చాలు."

నేను లోపలికి వెళ్ళి రిటర్ను తెచ్చి సంతకం చూపించాను. ఆమె దాన్ని పట్టుకోలేదు. బల్ల మీద పెట్టించి వంగి చూశారు. చాలాసేపు చూశారు. గొడుగు జారి కింద పడింది.

"ఈ చెయ్యి ఆయనదే" అన్నారు. "పెళ్ళికి ఆయనకు వేలిముద్రేనండీ. సంతకం నేను నేర్పాను, పలక మీద. ఈ కింద గీత చూడండి, పడవలాగా. అది నా గీత. మా నాన్నగారు అట్లా పెట్టేవారు. లోకంలో ఇంకెవరికి వస్తుంది ఇది?"

తర్వాత నన్ను అడగడం మొదలుపెట్టారు. ఎట్లా ఉన్నారు? పొడుగేనా? ఎడమ కనుబొమ మీద గాటు ఉందా? జుట్టు నెరిసిందా? నాకు అతని చేతులు గుర్తున్నాయి. ఇత్తడి బిళ్ళ గుర్తుంది. మొహం ఉండాల్సిన చోట నాకు ఏమీ కనపడలేదు. జీతాల గుమాస్తాను నేను తప్పు పట్టనక్కర్లేదని అప్పుడు తెలిసింది.

ఆ రోజు జీతాల రోజు కాదు. కానీ మధ్యాహ్నం వంతు మారేటప్పుడు ఇప్పటి మేస్త్రీ రోజూ మస్టరు పుస్తకంలో పేర్లు పిలుస్తాడు. ప్లీడరు గారితో చెప్పి, జట్కా కట్టించుకుని ముగ్గురం గిలకలదిండి బయల్దేరాం. దారి పొడుగునా ఉప్పునేల ఎండకు తెల్లగా మెరుస్తోంది. ముసలామె ఒక్కతే మాట్లాడుతూ ఉంది. వాడికి చేపల పులుసులో మామిడికాయ వెయ్యకూడదనీ, వేస్తే కంచం తోసేస్తాడనీ, ఈ ఆరేళ్ళూ ఎవరు వండిపెడుతున్నారో ఏమోననీ. టీచరు గారు గొడుగు ఒళ్ళో పెట్టుకుని, దాని పిడిని చూస్తూ కూర్చున్నారు. కొంతదూరం పోయాక గొలుసు చప్పుడు వినిపించింది. ఇంకాస్త దగ్గరయ్యాక అది ఆగిపోయింది. వంతు మారింది.

ఐసు కొట్టు గోడ పక్క నీడలో నిలబడ్డాం. మమ్మల్ని ఎవరూ పట్టించుకోలేదు. పడవలో ఒడ్డుకు చేరినవాళ్ళు పాక ముందు గుంపుగా నిలబడ్డారు. వీపులే కనపడుతున్నాయి. మేస్త్రీ పుస్తకం తెరిచి పిలవడం మొదలుపెట్టాడు. ఒక్కో పేరుకూ ఒక్కో గొంతు, "ఉన్నానండీ" అని. నాలుగో పేరో అయిదో పేరో, ఆ పేరు వచ్చింది.

"ఉన్నానండీ."

టీచరు గారి చెయ్యి గోడ మీద పడింది. ముసలామె ఒక్క అడుగు ముందుకు వేసి, "వాడి గొంతే" అంది.

నీళ్ళలో పడిన మనిషి పేరుకు ఎవరో ఆ ఎండలో, చేపల బుట్టల మధ్య, అంత మామూలుగా పలకడం విన్నాను. పక్కనున్నవాడు ఎవడూ తల కూడా తిప్పలేదు.

గుంపు విడిపోయింది. నేను వెళ్ళి ఇంజను పెద్దాయన భుజం మీద చెయ్యి వేసి, ఎవరొచ్చారో చెప్పాను. ఆయన మా వైపు చూశాడు. టీచరు గారిని చూసి, తలకు చుట్టుకున్న తువ్వాలు తీసేశాడు. తర్వాత వెనక్కి తిరిగి ఆ పేరు పిలిచాడు. పిలవగానే ఒక మనిషి తిరిగి మా దగ్గరకు నడిచి వచ్చాడు.

పొట్టివాడు. చామనఛాయ. కనుబొమ మీద గాటు లేదు. ముసలామె రెండు చేతులూ చాపి అతని మొహం పట్టుకుంది. బుగ్గలు, నుదురు, చెవులు తడిమింది, గుడ్డివాళ్ళు తడిమినట్టు. అతను కదలకుండా నిలబడ్డాడు.

"ఈడు కాదు" అంది ముసలామె, మమ్మల్ని తప్పుపడుతున్నట్టు. "ఎవరిని తెచ్చారు? ఈడు కాదు."

అతనికి అర్థమైంది. ఇసుకలో కూలబడ్డాడు.

"నేను చెప్పేస్తానక్కా" అన్నాడు టీచరు గారితో. "ఎప్పుడో ఒకప్పుడు మీరు వస్తారని తెలుసు నాకు."

ఇంజను పెద్దాయన కొంతా అతను కొంతా చెప్పారు. గాలివాన సాయంత్రం లాంచీకీ డ్రెడ్జరుకూ మధ్య తాడు తెగింది. తాడు పట్టుకున్న మనిషి రెండింటి మధ్యకు జారిపోయాడు. మిగతా అందరూ చూశారు. మొగలో ఆ రోజు నీళ్ళు ఇసుక రంగులో ఉన్నాయి. రెండు రోజులు వెతికారు. కొత్త మనిషిని పెట్టుకోవాలంటే మద్రాసు అనుమతి రావాలి, డాక్టరు చూడాలి, పాత మనిషి ఏమయ్యాడో రాయాలి. అప్పటి మేస్త్రీకి అవేవీ ఇష్టం లేదు. పని కోసం ఒడ్డున తిరుగుతున్న ఇతన్ని పిలిచాడు. పోయిన మనిషి బిళ్ళ నడుముకు కట్టుకోకుండా పాకలో మేకుకు తగిలించి వెళ్ళాడు ఆ రోజు. మేస్త్రీ అది తీసి ఇతని చేతిలో పెట్టాడట.

"ఈ రోజు నుంచి ఇది నీ పేరు అన్నారండి. పిలిస్తే పలుకు, సంతకం కుదిరితే జీతం, కుదరకపోతే లేదు అన్నారు. కిందటి నెల కాయితం చూపించేరండి. నాకు అక్షరం ముక్క రాదు. నెలరోజులు బొగ్గుతో డెక్కు మీద గీసుకున్నానండి. ఆ కింద గీత రావడానికే పది రోజులు పట్టింది."

"మీరెవరూ నాకు చెప్పలేదే" అన్నారు టీచరు గారు, ఇంజను పెద్దాయనతో.

"చెబితే ఇరవై బిళ్ళలూ ఊడతాయన్నాడమ్మా ఆ మేస్త్రీ. పిల్లలు గలవాళ్ళం" అన్నాడాయన. తర్వాత, "మేం మొదట్లో ఈడిని ఆ పేరుతో పిలవలేకపోయేవాళ్ళం. ఒరే అనేవాళ్ళం. ఇప్పుడు ఈడి అసలు పేరు అడిగితే మాకెవరికీ వెంటనే రాదు" అన్నాడు.

కూర్చున్నవాడు లేచి పాకలోకి వెళ్ళి ఒక బిస్కట్ల డబ్బా తెచ్చాడు. మూత తీసి టీచరు గారి ముందు పెట్టాడు. లోపల ఉత్తరాలు. అన్నీ ఒకే చేతిరాత. అన్నీ అంటించినవి అంటించినట్టే ఉన్నాయి.

"జీతం కవరుతో పాటు ఇచ్చేవారండి. నా పేరే గదా. వద్దంటే ఎందుకొద్దంటారు. నాకు చదవడం రాదు. ఎవరి చేతా చదివించలేదక్కా. నాయి కావని తెలుసు గదా."

ఆవిడ ఒక్క కవరు తీసి వెనక్కి తిప్పి చూశారు. అంటించిన అంచు మీద వేలు నడిపారు. మళ్ళీ డబ్బాలో పెట్టారు. అప్పటిదాకా ఆమె కళ్ళల్లో ఒక తడి లేని పట్టు ఉండేది. అది అక్కడ సడలింది. ఏడవలేదు. ముసలామె పక్కన ఇసుకలో కూర్చుని, ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకుని, "అత్తయ్యా, అంతే" అన్నారు.

ఆ వారమే ప్లీడరు గారు టీచరు గారినీ అతన్నీ నన్నూ గుడివాడ తీసుకెళ్ళారు. పన్ను ఆఫీసరు అక్కడ ఉండేవారు. పెద్దవయసు మనిషి. బల్ల మీద పెన్సిలు దొర్లిస్తూ అంతా విన్నారు. పోయిన మనిషి పేరన వచ్చిన రిటర్ను తీసుకోననీ, సంపాదించిన మనిషి తన పేరన వేసుకోవాలనీ, పోయిన మనిషి పోయాడని భార్య ఒక కాగితం రాసి సంతకం పెట్టాలనీ చెప్పారు.

టీచరు గారు రాశారు. నా భర్త ఫలానా రోజున మరణించారు అని. ఆరేళ్ళలో ఆమె ఆ మాట రాయడం అదే మొదలు. సంతకం పెట్టినప్పుడు చూశాను. కింద పడవలాంటి గీత.

తర్వాత అతని వంతు. అతని సొంత పేరు తెలుగులో నేను ఒక కాగితం మీద పెద్దగా రాసి ముందు పెట్టాను. చూసి దించమన్నాను. కలం పట్టుకున్నాడు. చెయ్యి కాగితం మీద ఆనింది, ఆగింది, ఒక్క ఊపులో కదిలింది. కలం తీసేసరికి కాగితం మీద పోయిన మనిషి పేరే ఉంది, గీతతో సహా.

"తప్పయిందండి" అన్నాడు. ఇంకో కాగితం ఇచ్చాం. ఈసారి మెల్లగా, నేను రాసిన అక్షరాల వంక చూస్తూ మొదలుపెట్టాడు. మొదటి అక్షరం అతనిదే. రెండో దాని దగ్గర మణికట్టు దానంతట అదే తిరిగింది. మళ్ళీ ఆ పేరే. చెమట కాగితం మీద పడింది. కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని, అది వేరేవాళ్ళదైనట్టు చూస్తూ కూర్చున్నాడు. టీచరు గారు ఆ చేతినే చూస్తున్నారు. తను పలక మీద దిద్దించిన చెయ్యి కాదు అది. అయినా దిద్దించిందంతా అందులో ఉంది.

"వేలిముద్ర తీసుకోండి" అన్నారు ఆఫీసరు చివరికి. "అదొక్కటీ ఒకరి దగ్గర నేర్చుకునేది కాదు."

బయటికి వచ్చాక స్టేషనులో బందరు రైలు కోసం కూర్చున్నాం. బొటనవేలికి సిరా అంటుకునే ఉంది అతనికి. టీచరు గారు గొడుగు చివరతో నేల మీద ఏదో గీస్తూ అడిగారు.

"నీళ్ళలోకి జారేటప్పుడు ఆయన ఏమైనా అన్నారా? ఆ పెద్దాయన నీకు చెప్పి ఉంటాడు."

"మేస్త్రీ ఆయన్ని పిలిచేరంటక్కా, తాడు వదిలెయ్యమని, పేరు పెట్టి. ఆయన పలకలేదంట" అన్నాడు.

ఆ తర్వాతి నెల జీతాల పెట్టె వచ్చినప్పుడు అందులో ఆ పేరున కవరు లేదు. ఇతని సొంత పేరునా లేదు. ఎందుకని అడగడానికి అక్కడ ఎవరూ లేరు. గుమాస్తా తనకిచ్చిన జాబితా చదువుతాడు, అంతే. అతను ఐసు కొట్టులో పనికి కుదిరాడు. అక్కడ పేర్లు పిలవరు. వచ్చినవాడు గడ్డ మొయ్యడమే. కంపెనీ గురించి నేను రాసిన వార్త పత్రికలో మూడు అంగుళాలు పడింది. ఎవరి పేరూ వెయ్యలేదు.

మరుసటి ఏడు ఈస్టరుకు నాగాయలంక అవతలి ఆ ఊరికి రమ్మని టీచరు గారు కార్డు రాశారు. ముందురోజు సాయంత్రం బస్సుకు వెళ్ళాను. నా వెనక సీట్లో అతను కూర్చుని ఉన్నాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని. అతనికీ కార్డు వచ్చిందట. ఐసు కొట్టు వాళ్ళ చేత చదివించుకున్నాడు. "ఈసారి నాకే రాసేరండి. నా పేరునే" అన్నాడు.

వెలుగు రావడానికి కాస్త ముందు అందరం సమాధుల దొడ్డికి వెళ్ళాం. తాటిచెట్ల అవతల ఉప్పుకయ్యలు, వాటి మీద మంచు పొగ. మసక వెలుతురులో మనుషులకు మొహాలు లేవు, చేతుల్లో ఇంకా వెలిగించని కొవ్వొత్తులే ఉన్నాయి. గోడ పక్కగా కొత్తగా పోసిన మట్టి ఉంది, మనిషికి సరిపోయేంత పొడుగు. దాని కింద ఉన్నది ఆ బిస్కట్ల డబ్బా. అందులో ఉత్తరాలు, అంటించినవి అంటించినట్టే. ఆవిడ ఒక్కదాన్ని కూడా విప్పలేదు. తను రాసినవే కదా, ఏముందో తెలుసు. ముసలామె ఆ మట్టి పక్కన కూర్చుని చేత్తో దాన్ని సర్దుతోంది.

పాస్టరు గారు పుస్తకం తెరిచి పేర్లు చదవడం మొదలుపెట్టారు. ఒక్కో పేరుకూ ఒక్కో చోట కొవ్వొత్తి వెలుగుతోంది. పాత పేర్లు అయ్యాయి. చివరగా, ఆ ఏడు కొత్తగా రాసిన పేరు చదివారు.

"ఉన్నానండీ."

నా పక్కనుంచి వచ్చింది ఆ గొంతు. గట్టిగా, వెంటనే, ఆలస్యమైతే దాటిపోతుందన్నట్టు. తలలన్నీ ఒక్కసారి మా వైపు తిరిగాయి. ఎవరో ఆడమనిషి కెవ్వుమంది. అతను రెండు చేతులతో నోరు మూసుకుని నిలబడ్డాడు. ఆ సన్న వెలుతురులో అతని కళ్ళు చూస్తే, అక్కడున్న అందరికంటే ఎక్కువ భయపడినవాడు అతనేనని తెలుస్తోంది.

టీచరు గారు తల తిప్పలేదు. అగ్గిపుల్ల వెలుగుతూ ఉంది ఆమె చేతిలో.

ముసలామె మట్టి సర్దడం ఆపి ఇటు చూసింది. "నిన్ను కాదురా" అంది, విసుగ్గా, ఇంట్లో పిల్లలతో అన్నట్టు. "వాణ్ణి."

పాస్టరు గారు కళ్ళజోడు సర్దుకున్నారు. అంతా సద్దుమణిగేదాకా ఆగి, ఆ పేరు రెండోసారి చదివారు.

ఈసారి అందరం విన్నాం. పాస్టరు గారు కూడా, వేలు పుస్తకం మీద పెట్టుకుని, కాసేపు ఆగారు. ఎవరూ పలకలేదు. టీచరు గారు ఇంకో పుల్ల గీసి, వంగి కొవ్వొత్తి వెలిగించారు.